దుమ్ము లేపిన అంతరిక్ష సంగీతం

ఇది చదివే ముందు ఒకసారి లేచి, మీ ఇంటి పక్కన ఖాళీ స్థలం ఏదైనా ఉందేమో చూసి రండి. ఉంటే, అందులో లారీ ఏదైనా ఆగి ఉందేమో కూడా చూడండి. ఆ రెండు పనులూ చేయకపోవడం వల్ల నేను నిండు సభలో, మెడలో శాలువాతో, చేతిలో మైకుతో, నా పరువును నేనే తవ్వి పాతిపెట్టుకున్నాను. ఎంత లోతున అంటారా? రెండు వందల ఎనభై అడుగుల లోతున. ఈ కొలత నేను ఊరికే అనడం లేదు. నిపుణుడు చెప్పిన కొలత. ఆ నిపుణుడు కాసేపట్లో వస్తాడు.

ఇది జరిగి ఆరేళ్ళయింది. అప్పుడు నాకు అరవై రెండు. కుర్రతనం. ఏదైనా తెలియదంటే చిన్నతనమనుకునే వయసు.

నా గురించి ఒక మాట చెప్పాలి. కొనకనమిట్ల మండల కార్యాలయంలో ముప్పై ఏళ్ళపాటు వాన లెక్క రాసిన చేయి ఇది. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు గొట్టంలో చేరిన నీటిని కొలిచి రిజిస్టరులో ఎక్కించడం నా పని. మాది కరువు ప్రాంతమని మీకు తెలుసు కాబట్టి, ఆ ముప్పై ఏళ్ళలో నేను ఎక్కువగా రాసిన మాట ‘నిల్’. ‘నిల్’ అని నా అంత అందంగా రాసేవాడు జిల్లాలోనే లేడని ఒక అధికారి మెచ్చుకున్నాడు కూడా. ఆఫీసులో రిజిస్టరు, ఇంట్లో డైరీ. తెల్లవారి ఎప్పుడు లేచానో, దోసె ఏ చట్నీతో తిన్నానో, పక్కింటి పిల్లి ఏ గోడ మీద నుంచి దూకిందో, అన్నీ గంటా నిమిషంతో సహా ఉంటాయి. డైరీలో ఉందంటే జరిగినట్టే. లేదంటే జరగనట్టే. ఇదీ నా సిద్ధాంతం. మా ఆవిడ మాత్రం, “మీరు డైరీలో రాసుకుంటూ కూర్చున్నప్పుడే అసలు సంగతులన్నీ జరిగిపోతాయి” అంటుంది. ఆ మాట డైరీలో రాయలేదు.

రిటైరయ్యాక మార్కాపురంలో, కంభం రోడ్డు వైపు ఇల్లు కట్టుకుని స్థిరపడ్డాను. ఊళ్ళో ‘రసజ్ఞ మండలి’ అని ఒక సంఘం ఉంది. సన్మానాలు చేయడం దాని పని. సన్మానించడానికి ఎవరూ దొరకని నెలలో సభ్యులు ఒకరినొకరు సన్మానించుకుంటారు. దాని కార్యదర్శి రామకోటయ్య ఒక రోజు పొద్దున్నే వచ్చాడు.

“సుబ్బరాయుడు గారూ, ఈసారి నిజమైన మనిషి దొరికింది!” అన్నాడు, గుమ్మంలోనే.

“అంటే ఇన్నాళ్ళూ?”

“అది వదిలేయండి. మన కొనకనమిట్ల పక్క పల్లెలో యేసురత్నం అని ఉన్నాడు. వాళ్ళ అమ్మాయి ఎస్తేరు. చర్చిలో పాటలకు వాయించడంతో మొదలుపెట్టి, మద్రాసులో చదువుకుని, ఒక సినిమాకు వాద్యబృందంలో వాయించింది. అంతరిక్ష నౌకల సినిమా అండీ! ఎనభై మంది కూర్చుని ఒకేసారి వాయించారట. ఈ అమ్మాయిది చెల్లో అనే పెద్ద ఫిడేలు. ఆదివారం సన్మానం. ఆ సంగీతం గొప్పదనం గురించి మీరు మాట్లాడాలి.”

“నేనా? నాకు సంగీతం గురించి ఏం తెలుసు?”

నిజానికి ఈ ప్రశ్న దగ్గరే నేను ఆగిపోయి ఉండాల్సింది. కానీ రామకోటయ్య గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు.

“ఆ బృందంవాళ్ళు అమ్మాయిని ఉద్యోగంలోకి రమ్మన్నారట. తండ్రి ఒప్పుకోవడం లేదు. నర్సింగులో చేర్చాలని పట్టుబట్టినాడు. ‘ఫిడేలు పట్టుకుని ఊళ్ళు తిరిగే బతుకేంది?’ అంటున్నాడు. చివరకు ఒక మాట అన్నాడు. ‘ఆ వాన లెక్కల సారు మంచిదంటే పంపుతా. కరువు ఏడాది ఎవరెంత చెప్పినా, పడని వాన పడిందని రాయని మనిషి ఆయన’ అని. మీ మాట మీదే ఆ పిల్ల బతుకు ఆధారపడి ఉంది.”

చూశారా, ఎంత పెద్ద బరువు పెట్టాడో! ఒక ఆడపిల్ల భవిష్యత్తు, నా ముప్పై ఏళ్ళ నిజాయితీ, రెండూ ఒకే తక్కెడలో. నేను వెంటనే ఒప్పుకున్నాను. గ్రంథాలయానికి వెళ్ళి పాశ్చాత్య సంగీతం గురించి ఉన్న ఒకే ఒక్క పుస్తకం తెచ్చాను. అందులో మొదటి ముప్పై పేజీలు చెదలు చదివేశాయి. మిగతాది నేను చదివాను. సింఫనీ, క్రెసెండో లాంటి మాటలు ఓ ఇరవై డైరీ వెనక పేజీలో ఎక్కించుకున్నాను.

మంగళవారం ఉదయం పది గంటలకు రామకోటయ్య ఇచ్చిన, ఆ సినిమా సంగీతం ఉన్న పెన్‌డ్రైవును స్పీకరుకు తగిలించాను. అరచేయంత స్పీకరు. రిటైరైన రోజు ఆఫీసువాళ్ళు ఇచ్చింది. లోపలి గదిలోకి వెళ్ళి, తలుపులు, కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, డైరీ ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాను. రసజ్ఞులు కళ్ళు మూసుకునే వింటారని పుస్తకంలో ఫోటో ఉంది. రాయడానికి మాత్రం ఒక కన్ను కొద్దిగా తెరిచేవాణ్ణి.

మొదట ఫిడేళ్ళు సన్నగా, పొద్దున్నే కాలవ మీద మంచు లేచినట్టు లేచాయి. బాగుంది. రాశాను: ‘10.04. ప్రశాంతం.’ కాసేపటికి స్పీకరు మీద నీలం దీపం ఎర్రగా మారింది. ‘10.11. ఘట్టానికి తగ్గట్టు దీపం రంగు మారింది. ఎంత సాంకేతికత!’ మరో నిమిషానికి దీపం ఆరిపోయింది. శబ్దమూ ఆగిపోయింది. ‘10.12. నిశ్శబ్దం. అంతరిక్షంలో గాలి ఉండదు కనుక శబ్దం ఉండదు. సంగీత దర్శకుడి సాహసం.’

ఏమిటలా నవ్వుతున్నారు? చార్జింగు అయిపోయిందని మీకు అప్పుడే తెలిసిపోయిందా? నాకు ఐదు రోజులు పట్టింది. పిల్లి దూకిన గోడను కూడా రాసుకునే నేను, స్పీకరుకు చార్జింగు పెట్టానో లేదో మాత్రం ఎక్కడా రాసుకోలేదు.

పది నిమిషాలు ఆ నిశ్శబ్దాన్ని ఆస్వాదించాను. అలా ఆస్వాదిస్తూ ఉండగానే మొదలైంది సార్ సంగీతం! ముందు ఒక గుర్రు. పెద్దపులికి జలుబు చేసినట్టు. తర్వాత అది పెరిగి పెరిగి, ఢకఢకఢకమంటూ గది నేల అదిరింది. కుర్చీతో సహా నేనూ అదిరాను. ఎనభై మంది ఉన్న బృందం అంటే ఏమో అనుకున్నాను, ఇంత చిన్న స్పీకరులో నుంచి ఎంత పెద్ద బృందం! ‘10.23. మహా క్రెసెండో. నౌక భూమిని వదిలింది. రాకెట్టు ఇంధనం వాసన కూడా వస్తున్న భ్రాంతి.’ వాసన భ్రాంతి కాదు. కానీ ఆ మాట తర్వాత.

తలుపు తోసుకుని మా ఆవిడ వచ్చింది. చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఉంది.

“ఏందండీ ఈ మోత! చెవులు పోతున్నాయి!” అని అరిచింది.

“మోత కాదు, అలవాటు లేక అట్ల అనిపిస్తుంది. కాసేపు వింటే రుచి తెలుస్తుంది,” అన్నాను.

“ఏం రుచో ఏమో! వాళ్ళు దుమ్ము లేపుతున్నారు, మీకు తెలుస్తా ఉందా?”

నాకు ఒళ్ళు పులకరించింది. ముప్పై ఆరేళ్ళ కాపురంలో మా ఇద్దరి అభిరుచులు కలిసిన మొదటి క్షణం అది. “తెలుస్తా ఉంది! నిజంగా దుమ్ము లేపుతున్నారు!” అన్నాను.

“ఇంకా ఎంత లోతుకు పోతారో ఏమో!”

“ఆ లోతు నీక్కూడా అందిందన్నమాట!”

ఆమె నన్ను ఒక రకంగా చూసింది. “మీకేమైనా జరమొచ్చిందా? ఈ తలుపు మూసుకోండి, గదంతా పాడైద్ది,” అని వెళ్ళిపోయింది. నేను డైరీలో రాశాను: ‘10.41. సామాన్య శ్రోత సైతం చలించింది.’

అలా సాగింది. ఎనిమిదేసి నిమిషాలకు ఒక విరామం. విరామంలో ఇనుము మీద ఇనుము మోగినట్టు ఖంగుమనే శబ్దం. మధ్యమధ్య మగవాళ్ళ కేకలు, ‘రొక్కో, రొక్కో’ అని. ‘బృందగానం. భాష తెలియలేదు. లాటిన్ కావచ్చు.’ దాని వెనకే సన్నగా, వెండి మువ్వల్లా గలగల. ‘నక్షత్రాల పలుకు.’ చివరకు 12.50కి ఒక పెద్ద హోరు, జలపాతం విరుచుకుపడ్డట్టు. మనుషుల కేరింతలు. తర్వాత నిశ్శబ్దం. నా కళ్ళు చెమర్చాయి. రెండు గంటల యాభై నిమిషాలు ఎవరైనా సంగీతం వాయిస్తారా అన్న అనుమానం రాలేదా అంటే, అంతరిక్షం పెద్దది కదా అనుకున్నాను.

మధ్యాహ్నం పడుకుని సాయంత్రం లేచేసరికి వీధి మామూలుగా ఉంది. ఇంట్లో మాత్రం అన్నింటి మీదా తెల్లటి పొడి. మా ఆవిడ నాతో మాట్లాడకుండా తుడుస్తోంది. పలకల ఫ్యాక్టరీల ఊళ్ళో దుమ్ము ఎక్కడిదని అడిగేవాడెవడు?

ఆదివారం వచ్చింది. కల్యాణమండపం నిండింది. చర్చి ముగించుకుని యేసురత్నం పల్లె నుంచి పాతికమంది దాకా వచ్చారు. వేదిక మీద ఎస్తేరు, సన్నగా, బిగుసుకుని కూర్చుని ఉంది. ముందు వరుసలో యేసురత్నం. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చేతుల నిండా గాయాల గుర్తులు. నేను వేదిక ఎక్కబోతుంటే లేచి దండం పెట్టాడు.

“సార్, చెల్లోనో చెల్లదో నాకు తెల్దు. ఆ పెద్ద ఫిడేలు నా బిడ్డ కంటే పొడుగుంది. మీరు విన్నారంట గదా. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మీరు నిల్ అంటే నిల్లే.”

“అంతా డైరీలో ఉంది యేసురత్నం. నిమిషాలతో సహా,” అన్నాను, గుండె మీద చేయి వేసుకుని.

ఇక మొదలుపెట్టాను. డైరీ తెరిచి, కళ్ళజోడు సర్దుకుని, మొదటి గుర్రు గురించి చెప్పాను. చెప్పడమేమిటి, మైకులో గుర్రుమన్నాను. జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొడితే ఆగేవాణ్ణి కాదు నేను. ఢకఢకఢకమన్నాను. ఖంగుమన్నాను. రొక్కో రొక్కో అని లాటిన్‌లో పాడాను. రామకోటయ్య ఆనందంతో ఊగిపోతున్నాడు. ఎస్తేరు మాత్రం అర్థం కానట్టు చూస్తోంది. కళాకారులకు తమ గొప్పదనం తమకు తెలియదు అనుకున్నాను.

ముందు వరుసలో యేసురత్నం మొహం మారింది. తల పక్కకు వాల్చి, డాక్టరు గుండె వింటున్నట్టు వినడం మొదలుపెట్టాడు. నేను మూడోసారి ఢకఢకమనగానే నెమ్మదిగా చేయెత్తాడు.

“సార్, ఒక్క మాట. మధ్యలో ఆగతాది అన్నారు. ఎన్ని నిమిషాలకు?”

“ఎనిమిదేసి నిమిషాలకు. ఖచ్చితంగా!” అన్నాను. ఎంత శ్రద్ధగల శ్రోత!

“ఆగినప్పుడు ఖంగుమంటది.”

“అవును!”

“అది రాడ్డు మార్చేటప్పుడు సార్.”

“ఏ రాడ్డు?”

అతను ఆ ప్రశ్న వదిలేశాడు. “మీ ఇల్లు ఏడుంది సార్?”

“కంభం రోడ్డు వైపు. పక్కన ఖాళీ స్థలం, ఎదురుగా వేపచెట్టు.”

“నీలం గేటా?”

“నీలం గేటే.”

“మంగళవారమా?”

“మంగళవారమే! పది ఇరవై మూడుకు మొదలు!” అని డైరీ పైకెత్తి చూపించాను. కోర్టులో తన మీద తనే సాక్ష్యం తెచ్చి, పేజీ నంబరు కూడా చెప్పిన మొదటి ముద్దాయిని నేనే అయ్యుంటాను.

యేసురత్నం చెప్పలేక చెప్పలేక చెప్పినాడు.

“సార్, తప్పుగా అనుకోవద్దు. నేను బోరు బండి మీద డ్రిల్లర్ని. మంగళవారం మీ పక్క జాగాలో బోరేసింది మేమే.”

హాలు ఒక్కసారి నిశ్శబ్దమైంది. అంతరిక్షంలో లాగే.

“మరి... ఆ లాటిన్?” అన్నాను.

“మా వాళ్ళు సార్. జార్ఖండ్ వాళ్ళు. ఆపు అనేదానికి రోకో అంటారు.”

“రాకెట్టు వాసన?”

“డీజిలు.”

“నక్షత్రాల గలగల?”

ఆ జవాబు ఆడవాళ్ళ వరుస నుంచి వచ్చింది. మా ఆవిడ. “అవి మన వంటింట్లో స్టీలు గిన్నెలు! మోత అంటే మోత కాదన్నారు. దుమ్ము లేపుతున్నారంటే అవునవునన్నారు. నేను బోరు గురించి కాక ఇంకేంది చెప్పింది?”

ఇక నవ్వు మొదలైంది. ముందు వెనక వరుసల్లో, తర్వాత మధ్యలో, చివరకు వేదిక మీద. రామకోటయ్య నవ్వాపుకోలేక నా శాలువా కొంగుతోనే కళ్ళు తుడుచుకున్నాడు. ఆఖరి ఆశగా అడిగాను.

“మరి 12.50కి... జలపాతం? నేను ఏడ్చాను కదా యేసురత్నం!”

“మేమూ ఏడ్చినాము సార్! రెండు వందల ఎనభై అడుగులకు నీళ్ళు పడినాయి. రెండించుల నీళ్ళు! ఆ లైన్లో నాలుగు బోర్లేస్తే నాలుగూ ఎండుబోర్లే. ఐదోది పడింది.”

నవ్వులో మునిగిపోయిన హాలులో నవ్వని వాళ్ళు ఇద్దరే. ఒకరు ఎస్తేరు. తల దించుకుని, చేతిలోని పూలదండను రేకు రేకుగా తెంపుతోంది. రెండోవాడు ఆమె తండ్రి. నెమ్మదిగా కూర్చుంటూ, ఎవరితోనో కాదు, తనతోనే అన్నాడు.

“అయితే సారు నా బిడ్డ వాయించింది వినలేదన్నమాట.”

అప్పటిదాకా పోయింది నా పరువే. ఆ మాటతో ఆ పిల్ల ఉద్యోగం కూడా పోయేటట్టు కనిపించింది. ముప్పై ఏళ్ళు పడని వాన రాయనివాణ్ణి, పడని సంగీతాన్ని పేజీల కొద్దీ రాసేశాను.

మైకు దగ్గరకు వెళ్ళి ఒకటే వాక్యం అన్నాను. “యేసురత్నం, నేను విన్నది నిల్. ఇప్పుడు అందరం కలిసి విందాం.”

రామకోటయ్య పెన్‌డ్రైవును హాలు స్పీకర్లకు తగిలించాడు. చార్జింగుతో పనిలేని, తీగ ఉన్న స్పీకర్లు. నేను రెండుసార్లు చూసుకున్నాను. నౌక చంద్రుడి వెనక్కి వెళ్ళి, భూమితో మాటలు తెగిపోయే ఘట్టం అని ఎస్తేరు చెప్పింది. “నిమిషంసేపు నేను ఒక్కదాన్నే వాయిస్తా నాయనా. మిగతా డెబ్బై తొమ్మిది మందీ ఆగి వింటారు,” అంది.

వచ్చింది ఆ శబ్దం. చాలా కిందనుంచి. పెద్దగా ఏమీ లేదు. ఒకే స్వరం, నెమ్మదిగా, ఎవరినో పిలిచి జవాబు కోసం ఆగినట్టు. నా డైరీ వెనక పేజీలోని ఇరవై మాటల్లో ఒక్కటీ దానికి సరిపోలేదు. నేను యేసురత్నాన్నే చూస్తున్నాను. అతను ఇందాక నా ఢకఢకను విన్నట్టే, తల పక్కకు వాల్చి, కళ్ళు మూసుకోకుండా వింటున్నాడు. అరచేయి కుర్చీ చేతి మీద పెట్టాడు, అదురు పట్టుకోవడానికి.

సంగీతం ఆగింది. యేసురత్నం లేచాడు.

“బండి మీద ఇరవై ఏళ్ళనుంచి ఉండాను. పైన శబ్దం ఎవరికైనా తెలుస్తది. కింద రాయి మారేటప్పుడు ఒక పలుకు పలుకుద్ది, అది డ్రిల్లరుకే తెలుస్తది. ఓనరు చాలింక ఆపమంటాడు. మేము మాత్రం, ఇంకో రాడ్డు దించు, కింద ఏదో ఉంది అంటాము. ఇది ఆ పలుకే.” బిడ్డ వైపు తిరిగాడు. “చెల్లో అన్నావు గదమ్మా. చెల్లుద్ది. పో.”

పుస్తకంలో ముప్పై పేజీల తర్వాత ఉన్నదంతా చదివిన నాకు ఆ ఒక్క మాట ఎందుకు దొరకలేదో ఇప్పటికీ తెలియదు. ఆ చెదలు తిన్న పేజీల్లో ఉండి ఉంటుంది.

ఎస్తేరు లేచి వచ్చి తండ్రి భుజం మీద తల పెట్టుకుంది. ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. మండలి చరిత్రలో మొదటిసారి ఒక సన్మానం నిజంగా జరిగింది. నేను నెమ్మదిగా వేదిక వెనకనుంచి జారుకోబోతుంటే యేసురత్నం పట్టుకున్నాడు.

“సార్, ఆ మంగళవారం పేజీ నాకు జిరాక్సు తీసిస్తారా?”

“ఎందుకు నాయనా, ఊరంతా చూపించి నవ్వుకోవడానికా?”

“అదేం లేదు సార్. ఇరవై ఏళ్ళలో మూడు వేల పైన బోర్లేసినా. తిట్టినోళ్ళే గానీ, నా బండి శబ్దాన్ని ఇట్ల మెచ్చుకుంటా రాసినోళ్ళు లేరు. బండి అద్దానికి అంటించుకుంటా.”

అంటించుకున్నాడు. ఇప్పటికీ ఉంది. కనిగిరి, పామూరు దాకా ఎక్కడ బోరు వేసినా ఆ పేజీ వెంట వెళ్తుంది. నీళ్ళు పడే ముందు రైతులు దాన్ని చదివి నవ్వుకుంటారట. రసజ్ఞ మండలి వ్యాసాలు ఇంతమంది చదవడం ఎన్నడూ లేదు.

ఆ రోజు ఇంటికి వచ్చి, స్నానం చేసి, తూర్పు ముఖంగా కూర్చుని, డైరీలో ఈ ప్రతిజ్ఞ రాసుకున్నాను: ‘ఇకమీదట ఏ సంగీతాన్నయినా మెచ్చుకోవాలంటే ముందు స్పీకరుకు చార్జింగు పెడతాను. తర్వాత కిటికీ తెరుస్తాను. పక్క జాగా చూస్తాను. లారీ లేదని రూఢి చేసుకున్నాకే కళ్ళు మూసుకుంటాను. ఇది నా ముప్పై ఏళ్ళ నిల్‌ల మీద ఒట్టు.’

సాక్షి సంతకం కోసం డైరీ మా ఆవిడ ముందు పెట్టాను. ఆమె మొత్తం చదివి, సంతకం చేసి, కింద తన చేత్తో ఒక వాక్యం చేర్చింది. నా డైరీల్లో ఇతరుల దస్తూరీ ఉన్నది ఆ ఒక్క పేజీలోనే.

‘ఈయన మెచ్చుకున్న సంగీతాన్ని నేను ఇంకా బీరువా మీద నుంచి తుడుస్తానే ఉన్నా.’